మధ్యలో అమ్మ

రెండో రోజు కూడా రెబెకా తల్లి చేతి ముద్ద తినలేదు.

కంచం ఒళ్లోకి లాక్కుని తనే తింటోంది. వంకర తిరిగిన వేళ్లతో అన్నం పట్టుకోవడం ఒక పని, పట్టుకున్నది నోటి దాకా చేరడం ఇంకో పని. ఒక వంతు లోపలికి పోతే రెండు వంతులు చాప మీద, చున్నీ మీద పడుతోంది. పప్పు మోచేతి దాకా కారింది.

ప్రేమలత గడప దగ్గర కూర్చుని చూస్తోంది. పదిహేడేళ్లుగా ఆ నోటికి ముద్ద అందించిన చెయ్యిని ఒళ్లో ఊరికే పెట్టుకుని కూర్చోవడం ఆమెకు చేతకావడం లేదు. ఒకసారి ముందుకు వంగింది. రెబెకా అరచెయ్యి అడ్డం పెట్టింది. అంతే.

"ఏందే ఇది?" అంది అత్త హన్మమ్మ, వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ. "గింత అన్నం నేలపాలు జేస్తుంటే చూసుకుంట కూసున్నవ్. పెట్టరాదు?"

"పెడితే తింటలేదత్తా."

"మొన్నటి దాక తిన్నది కద. ఏమన్నవ్ దాన్ని?"

"ఏమనలే."

"ఏమనకుంటే గిట్ల జేస్తదా? దానికి నోరు రాదు గానీ రోషం నాలుగూర్లకు సరిపోను ఉన్నది."

రెబెకా తలెత్తి నానమ్మ వైపు చూసి ఏదో అంది. మాట బారుగా సాగి, మధ్యలో తెగి, మళ్లీ సాగింది.

"ఏమంటుంది?" అలవాటుగా కోడలిని అడిగింది హన్మమ్మ.

ప్రేమలతకు అర్థమైంది. 'నోరున్నది నానమ్మా, ఇనేటోళ్లే లేరు' అంటోంది. చెప్పబోయి, కూతురి చూపు చూసి ఆగిపోయింది.

"తెల్వదు," అంది.

"నీకు తెల్వకుంటే ఇగ ఎవరికి తెలుస్తది!"

అదీ నిజమే. రెబెకా పుట్టగానే ఏడవని పిల్ల. కాళ్లూ చేతులూ ఆమె చెప్పినట్టు వినవు. నాలుకా వినదు. తల మాత్రం ఎదుటివాళ్లు చెప్పేలోపే అందుకుంటుంది. ఇటిక్యాల బడిలో పదో తరగతి పరీక్షలకు ఆమె చెబుతూ ఉంటే తొమ్మిదో తరగతి పిల్ల శిల్ప రాసింది. ఆ శిల్ప కూడా రెండు నెలల పాటు రోజూ సాయంత్రం వచ్చి కూర్చుని ఈ మాట వినడం నేర్చుకున్నాకే రాసింది. రెబెకా పాసైంది. మిగతా ఊరికి ఆమె మాట తెలియదు. చర్చిలో పాస్టరుగారికైనా, దవాఖానలో డాక్టరుకైనా, చివరికి కన్నతండ్రికైనా, మధ్యలో ప్రేమలత ఉండవలసిందే.

బాలస్వామి పొద్దున్నుంచీ ఎవరిదో సీడ్ పత్తి చేనులో విత్తనాలు పెట్టి మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చాడు. కాళ్లు కడుక్కుంటుండగా ఫోను మోగింది. తడి వేలితో స్పీకరు నొక్కి అరుగు మీద పెట్టాడు.

"బాలస్వామన్నా, అర్షియాను. భవిత కేంద్రం కెల్లి."

దివ్యాంగ పిల్లల కోసం నడిచే ఆ కేంద్రంలో ఆరేళ్లుగా రెబెకాకు పాఠాలూ కసరత్తులూ నేర్పిన టీచరు ఆమె.

"చెప్పుండ్రి మేడం."

"ఏందన్నా గట్ల చేసిండ్రు? గద్వాల కాలేజీల నరేందర్ సార్‌కు నేను నాలుగుసార్లు ఫోన్ చేసి చెప్పి పెట్టిన. సార్ చేర్చుకుంటననే అన్నడు. మీరేమో పాప రోజు రాదు, ఇంటికాడనే ఉంటది అని రాయించి వచ్చిండ్రట?"

బాలస్వామి చెయ్యి తువ్వాలు మీదే ఆగింది.

"రాయించుడేంది మేడం? కాలేజోళ్లే వద్దన్నరు కద."

"ఎవరు చెప్పిండ్రు మీకు?"

అతను భార్య వైపు చూశాడు.

"సరే, ఇనుండ్రి. పది పాసైన మా పిల్లలు ఎవరెవరు యాడ చేరిండ్రో ఆ లిస్టు ఇయ్యాల నాలుగింటికి సార్ కాడి కెల్లి పైకి పోతది. రెబెకా పేరు పక్కన 'ఇంటి వద్ద' అని పెన్సిల్‌తోనే ఉన్నదట ఇంక. పెన్నుతోని రాస్తే మళ్ల వచ్చే ఏడే. సోమవారం సంతకం పెట్టింది వాళ్ల అమ్మ కాబట్టి ఆమె కూడా రావాలె. జర పోండ్రి అన్నా. పాపను తీస్కపోండ్రి."

ఫోను ఆగిపోయాక కూడా అతను దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"కాలేజోళ్లు వద్దన్నరని నువ్వే కద చెప్పినవ్?" గొంతు పెంచలేదు. అందుకే ప్రేమలతకు భయం వేసింది.

"వద్దన్నట్టే మాట్లాడిండు సారు. ఇన్ని బండ్లు మారి రోజు ఎట్ల వస్తదమ్మా అన్నడు."

"వద్దన్నడా, ఎట్ల వస్తది అన్నడా?"

"రెండిటికి ఏం తేడా?"

"రెబెకాను అడిగిండా?"

"అడిగిండు."

"అదేమన్నది?"

ప్రేమలత కొంగు చివర ముడి వేసింది, విప్పింది. సోమవారం ఆ గదిలో కూతురు అన్నది ఆమెకు పొల్లుపోకుండా గుర్తుంది. 'రోజు వస్త సార్.' మూడే మాటలు. చెవిలో పడ్డవి అవే. నోట్లోంచి వచ్చేసరికి 'ఇంటికాడనే చదువుకుంటదట సార్' అయ్యాయి. బస్సు దిగేటప్పుడు నవ్విన పోరగాళ్లు, గది నుంచి మరుగుదొడ్డి దాకా ఉన్న దూరం, మూడో పీరియడులో దాహమేస్తే నీళ్లెవరు తాగిస్తారన్న బెంగ, అన్నీ ఒక్కసారే నాలుక మీదికొచ్చి కూర్చున్నాయి. ఇన్నేళ్లలో తెలిసి తెలిసి మాట మార్చింది ఆ ఒక్కసారే. అలా అనుకుంది రెండు రోజులుగా.

"రోజు వస్త అన్నది," అంది.

"మంచి పని జేసినవ్ పో," అంది హన్మమ్మ. "ఆడపిల్లను, గిట్లాంటి దాన్ని, రోజు గద్వాలకు తోలుతరా ఎవరన్న? తల్లి గనుక ఆలోచన చేసింది."

అత్త తన వైపు మాట్లాడటం ఈ ఇంట్లో అరుదు. ఈ పూట మాట్లాడకపోయినా బాగుండేది అనిపించింది ప్రేమలతకు.

"నువ్వుండే అమ్మా," అన్నాడు బాలస్వామి. అరుగు మీద కూర్చున్నాడు.

పదకొండేళ్లు పుణె, ముంబై బిల్డింగు పనుల మీద తిరిగి ఈ వేసవిలోనే ఊరికి మళ్లాడు అతను. ఆ పదకొండేళ్లూ కూతురంటే ఫోనులో ఒక మూలుగు, ఆ వెంటనే భార్య గొంతులో ఒక మాట.

"నేను ఫోన్ చేసినప్పుడు అది ఏమంటుందో నువ్వు చెప్తుంటివి కద. అవన్ని దాని మాటలేనా?"

"దానివే."

"అన్నీ?"

"కొన్ని నావి."

"ఏవి?"

ప్రేమలత కొంగు చివర మళ్లీ ముడి వేసింది.

"'నాయినా, జల్ది రా' అనేది. ప్రతిసారి. అది?"

ఆమె ముఖం తిప్పుకుంది. "అది నాది."

హన్మమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"మరి అదేమంటుండె?" అన్నాడు బాలస్వామి.

"ఫోటో పంపమంటుండె. నాయిన ముఖం మర్చిపోతున్న అనేది. గది చెప్తే నువ్వాడ పరేషాన్ అయితవని..." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీ మంచికే చెప్పలే. దాని మంచికే సార్‌కు చెప్పలే. నేనేమన్న నా కోసం జేసిన్నా?"

కంచం గోడకు తగిలి మోగింది. రెబెకా దాన్ని కాలితో నెట్టింది. గోడ పట్టుకుని లేచి, వాకర్ లేకుండానే నాలుగడుగులు వేసి తండ్రి కాళ్ల ముందు కూలబడింది. ప్రేమలత పరుగెత్తబోయింది. వెనక్కి చూడకుండానే చెయ్యి వెనక్కి చాపింది రెబెకా. అక్కడే ఆగు అని.

"ఏం బిడ్డా?" అన్నాడు బాలస్వామి. అంటూనే అతని కళ్లు భార్య వైపు వెళ్లాయి. రెబెకా వణికే చేత్తో అతని గడ్డం పట్టుకుని ముఖాన్ని తన వైపు తిప్పుకుంది.

ఒక మాట అంది. అతను ఊహించి పైకి అన్నాడు. అదే అయితే తల ఊపుతోంది, కాకపోతే నేల మీద చేత్తో కొడుతోంది. శిల్పకు నేర్పింది కూడా ఇట్లాగే.

"అమ్మ," అన్నాడు. తల ఊపింది.

"సారు... సారుతోని." ఊపింది.

మూడో మాట దగ్గర బండి ఆగింది.

"అన్నం?" నేల మీద దెబ్బ.

"ఆధారా? ఆధార్ కార్డు ఇయ్యలేదా సారుకు?" దెబ్బ.

"అప్పచ్చులేమో అడుగు," అంది హన్మమ్మ వాకిట్లోంచి.

రెబెకా వేసిన కేకకు అర్థం ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. హన్మమ్మ గమ్మున గింజలు తీయడంలో పడింది.

ప్రేమలతకు మొదటిసారికే తెలిసిపోయింది. ఆ మాట తన గురించి. అది అతనికి చేరకుండా ఉంటే బాగుండునని ఒక క్షణం అనుకుంది కూడా. కానీ కూతురి మెడ నరాలు ఉబ్బుతున్నాయి. ముఖమంతా చెమట. నాలుగోసారి. ఐదోసారి. అవతల అతను బడి పిల్లవాడిలా బిక్కముఖం వేశాడు.

"అబద్ధం," అంది ప్రేమలత. "అమ్మ సార్‌తోని అబద్ధం చెప్పింది అంటుంది. అయ్యిందా?"

తనకు వ్యతిరేకంగా తనే సాక్ష్యం చెప్పాక, కనీసం ఇప్పుడైనా కూతురు చల్లబడుతుందనుకుంది. రెబెకా గిర్రున తిరిగింది. కళ్లలో నీళ్లు, నిప్పులు. ఒక్క ఊపిరిలో ఏదో అంది.

"'నేను చెప్తుంటి కద!'" అన్నాడు బాలస్వామి. అని, తన నోటిని తానే నమ్మలేనట్టు ఆగాడు. "గంతేనా బిడ్డా? 'నేను చెప్తుంటి కద' అన్నవా?"

రెబెకా తల ఊపింది. ఏడుస్తూనే ఊపింది. అతని ముఖం విప్పారింది. పదిహేడేళ్లకు కూతురి దగ్గర్నుంచి నేరుగా అతనికి చేరిన మొదటి వాక్యం అది.

"ఇన్నవా?" భార్య వైపు తిరిగాడు. "అది చెప్తుంది కద. నువ్వెందుకు మధ్యల?"

"ఒక్క మాటకు ఐదుసార్లు కొట్టుకుంటుంటే చూస్త ఊకుండాల్నా?"

"ఊకుండు. శిల్ప రెండు నెలల్ల నేర్చుకున్నది. అది పక్కింటి పిల్ల. నేను తండ్రిని."

"పదకొండేండ్లు యాడున్నవ్ తండ్రివి?"

అతను లేచి చొక్కా తొడుక్కున్నాడు. "యాడున్ననో గద్వాల పోయి వచ్చినంక మాట్లాడుకుందాం. బస్సుకు టైమైతుంది."

బయలుదేరే ముందు రెబెకా ఒక షరతు పెట్టింది. తండ్రి ఒక్కో మాటా పట్టుకుని, పైకి అని, తల ఊపించుకుని పూర్తిచేశాడు: తను చెప్పమనే దాకా అమ్మ నోరు తెరవకూడదు. ప్రేమలత కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. వేస్తూ ఉంటే ఆ జుట్టుకు నూనె రాసి రెండు రోజులైందని గుర్తొచ్చింది.

ఎర్రవల్లి చౌరస్తాలో గద్వాల బస్సెక్కారు. బాలస్వామి కూతుర్ని ఎత్తి సీట్లో కూర్చోబెట్టి వాకర్ మడిచి కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"పాపకు యాడికి?" కండక్టరు ప్రేమలతను అడిగాడు.

ఆమె పెదవి కొరుక్కుని కూతుర్ని చూపించింది. కండక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. రెబెకా చెప్పింది. అతనికి తెలియలేదు. మళ్లీ చెప్పింది.

"గద్వాలనా? గట్ల చెప్పు మరి!" అంటూ టికెట్టు రెబెకా చేతిలోనే పెట్టి ముందుకు పోయాడు.

అంతే. ఆకాశం ఊడి పడలేదు. ఆ ఊరి పేరు వినడానికి కండక్టరుకు పట్టిన సమయం, వెనక సీటామె సంచిలో ఆధార్ కార్డు వెతుక్కోవడానికి పట్టిన దానికంటే తక్కువే. ప్రేమలతకు అది సంతోషంగా అనిపించాల్సింది. ఆమె కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

కాలేజీ చేరేసరికి మూడున్నర దాటింది. నరేందర్ సార్ టేబులు మీద లిస్టు పరిచి ఉంది. అద్దాలు పైకి నెట్టుకుని చూశాడు.

"మళ్ల వచ్చిండ్రేందమ్మా? మొన్న రాయించినం కద?"

"ఆమెనే అడుగుండ్రి సార్," అంది ప్రేమలత. ఆ ఒక్క మాటతో ఒట్టు తప్పినట్టా కాదా అన్నది తెలియలేదు. పక్కకు జరిగింది.

సార్ రెబెకా వైపు వంగి, ఊరవతలి మనిషిని పిలిచినట్టు గట్టిగా అన్నాడు. "పాపా! ఏం! చదువుతవ్!"

రెబెకా ఏదో అంది. బాలస్వామి నవ్వు ఆపుకున్నాడు. "చెవులు మంచిగనే ఉన్నయట సార్."

సార్ ముఖం ఎర్రబడింది. తర్వాత అతనూ నవ్వాడు. మంచివాడే. గొంతు తగ్గించి, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు. "సరే. ఏ గ్రూపు?"

"సి.ఇ.సి." రెండోసారికి అతనికే తెలిసింది.

"రోజు వస్తవా?"

"రోజు వస్త సార్."

సోమవారం అన్న అవే మూడు మాటలు. ఈసారి ఎవరి నోట్లోనూ పడి మారలేదు. సార్ పెన్సిలు రాతను రబ్బరుతో చెరిపాడు. ప్రేమలత ఆ రబ్బరు పొడి వైపే చూస్తూ నిలబడింది.

"నువ్వు వస్తనంటున్నవ్, నేను కాదన. గానీ ఆలోచించు. పొద్దుగాల చౌరస్తా దాక ఒక బండి, ఆడి నుంచి బస్సు, మళ్ల ఆటో. వానకాలం. ఎన్నిరోజులని మీ నాయిన పని ఇడిసిపెట్టి ఎత్తుకొస్తడు?"

రెబెకా ఒక్క మాట అంది.

"హాస్టల్?" అన్నాడు బాలస్వామి, తనే తెల్లబోతూ. "హాస్టల్‌ల ఉంటవా బిడ్డా?"

ఆమె తల ఊపింది.

ఈ పిల్లకు గోళ్లు ఎన్ని రోజులకు పెరుగుతాయో తెలుసు ప్రేమలతకు. ఏ కూర పెడితే పొలమారుతుందో తెలుసు. నిద్రలో ఎటు తిరిగితే కాలు పట్టేస్తుందో తెలుసు. ఈ మాట ఎప్పటి నుంచి లోపల పెట్టుకుని తిరుగుతోందో తెలియదు.

"హాస్టలైతే ఉన్నది," సార్ నెమ్మదిగా అన్నాడు. "కానీ వార్డెన్ మేడం నన్ను అడుగుతది పాపా. స్నానం, బట్టలు, జడ. నీకు ఎవరు జేస్తరు? అమ్మ వచ్చి ఉంటదా? ఏం చెప్పమంటవ్, చెప్పు. అదే రాస్త."

రెబెకా వాకర్ గట్టిగా పట్టుకుని ఊపిరి తీసుకుంది. మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె చెప్పినవాటన్నిటిలో పొడుగైన మాట అది. పొద్దుటి నుంచీ అలిసిన నాలుక. అలిసినకొద్దీ ఆమె మాట ఇంకా మెత్తబడి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంది. సార్ కళ్లు చిట్లించాడు. బాలస్వామి మొదటి మాట పట్టుకోబోయి జారవిడిచాడు. రెండోసారి చెప్పింది. మూడోసారి సగంలో దగ్గు వచ్చింది. తల వాకర్ మీదికి వంచి ఊపిరి కోసం తన్నుకుంది.

ప్రేమలత మొదటిసారికే వింది.

'అమ్మ లేని కాడనే నేర్చుకుంట సార్. అమ్మ ఉంటే నేర్చుకోను.'

పక్క గదిలోంచి కంప్యూటరు అబ్బాయి అరిచాడు. "సార్, లిస్టు! పది నిమిషాలే ఉన్నది!"

"చూసిండ్రా అన్నా?" సార్ గొంతులో జాలి ఉంది. "రోజు క్లాసుల ఇదే అయితది. పాపం, దాన్ని గోస పెట్టుడే. ఈ ఏడు ఇంటికాడనే ఉండనియ్యుండ్రి. వచ్చే ఏడు చూద్దాం."

జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు.

బాలస్వామి కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఇంకొక్కసారి చెప్పు బిడ్డా. ఒక్కొక్కటి చెప్పు. నేను ఇంట." రెబెకాకు ఊపిరి అందడం లేదు. తల్లి వైపు చూడలేదు, చెప్పమననూ లేదు.

ప్రేమలత నోరు తెరవక్కరలేదు. ఊరుకుంటే చాలు. తల మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు నిలబడుతుంది, పిల్ల సాయంత్రం బస్సులో తన పక్కనే కూర్చుని ఇంటికొస్తుంది. రేపు ముద్ద తింటుంది, ఎల్లుండి తింటుంది. ఎన్నాళ్లని అలుగుతుంది? ఈసారి ఆమె అబద్ధం చెప్పిందని ఎవరూ అనలేరు. ఒక్క మాటైనా అంటే కదా.

సార్ రెబెకా పేరు మీద వేలు పెట్టి, గడిని వెతికి, పెన్ను ఆనించాడు.

ప్రేమలత టేబులు మీదికి వంగి ఆ పెన్ను పట్టుకుంది. సార్ వేళ్లతో సహా పట్టుకుంది. పత్తి చేలలో ఏళ్ల తరబడి పని చేసి మొద్దుబారిన చెయ్యి అది. అతను లాగినా రాలేదు.

"ఏందమ్మా ఇది! ఇడువు!"

గది గుమ్మం దగ్గర ఇద్దరు పిల్లలు ఆగి చూస్తున్నారు. బాలస్వామి లేచి నిలబడ్డాడు. రెబెకా మెల్లగా తల ఎత్తింది. దగ్గుతో ఎర్రబడిన కళ్లతో తల్లి ముఖంలోకి సూటిగా చూసింది.

"రాయొద్దంటవా? సరే, రాయ," అన్నాడు సార్. "నీకు తెలుసా అది ఏమన్నదో? తెలిస్తే చెప్పు. ఏమన్నది నీ బిడ్డ?"

ప్రేమలత పెన్ను వదల్లేదు. నోరూ తెరవలేదు; చెప్పమనే మాట కోసం కూతురి వైపే చూస్తోంది.